డిపోర్టేషన్ ఆర్డర్ మీద మోషన్: అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టు సేవ మనవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

ఇమ్మిగ్రేషన్ జడ్జి డిపోర్టేషన్ ఆర్డర్ ఇచ్చేశాక ఇక చేసేదేమీ లేదని చాలామంది పెట్టె సర్దుకుంటారు. కానీ అదే కోర్టును ‘మరోసారి చూడండి’ అని అడిగే హక్కు చట్టంలోనే ఉంది. అలా రాసి పెట్టుకునే అభ్యర్థననే మోషన్ అంటారు. లాయరు ఉన్నా లేకపోయినా అది వేసుకోవచ్చు. హక్కు ఉంది సరే, మామూలు మనిషికి అది అందేలా ఏర్పాట్లున్నాయా? కోర్టు వెబ్‌సైటు, హాట్‌లైను, ఫారాలు, ఫైలింగ్ పద్ధతి, ఫీజు, అన్నీ కలిపి ఒక సేవగా చూసి రాస్తున్న సమీక్ష ఇది.

ముందే చెప్పేస్తే: నియమాల పుస్తకం చాలా బాగుంది. కేసు వివరాలు చూసుకునే ఏర్పాటు బాగుంది. ఫీజు దారుణం. మోషన్ వేసిన తర్వాత కూడా మనిషిని పంపేసే వీలు ఉండటం అన్నిటికన్నా పెద్ద లోపం. ఇక ఓడిపోయే మోషన్లలో చాలావాటికి కారణం వాదన బలహీనత కాదు, వేయాల్సిన మోషన్ ఒకటైతే వేసింది ఇంకొకటి కావడం.

ఇది ఎవరికి కాదో మొదట తెలుసుకోవాలి. హెచ్-1బీ పిటిషనో, ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకు వేసే ఐ-140నో యూఎస్‌సీఐఎస్ (ఇలాంటి దరఖాస్తులు చూసే సంస్థ) తిరస్కరిస్తే దాన్ని మళ్ళీ చూడమని అడిగేది ఐ-290బీ ఫారంతో, యూఎస్‌సీఐఎస్ దగ్గరే. ఇమ్మిగ్రేషన్ కోర్టుకు దానితో పనిలేదు. విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ రికార్డు టెర్మినేట్ అయినంత మాత్రాన అది డిపోర్టేషన్ ఆర్డర్ కాదు. ఎయిర్‌పోర్టులో ఐ-860 కాగితం చేతిలో పెట్టి తిప్పి పంపినవాళ్ళది ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్, అది జడ్జి దాకా రానే రాదు కాబట్టి ఈ మోషన్ అక్కడా చెల్లదు. కోర్టుకు హాజరు కమ్మని ఇచ్చే ఎన్‌టీఏ అనే నోటీసు కోర్టులో దాఖలై, కేసు నడిచి, జడ్జి ఆర్డర్ ఇచ్చినవాళ్ళకు మాత్రమే ఈ దారి. ఈ కోర్టులు న్యాయశాఖ కింద ఉన్న ఈఓఐఆర్ అనే సంస్థవి. అవతలి పక్షం హోంలాండ్ సెక్యూరిటీ, దాని తరఫున వాదించేది ఐసీఈ (డిపోర్టేషన్లు అమలుచేసే విభాగం)లోని ఓపీఎల్ఏ అనే న్యాయవిభాగపు లాయర్లు. ఈ రెండూ ఒకటేననుకుని కోర్టుకు పంపాల్సిన కాగితాలు ఐసీఈకి పంపినవాళ్ళు గడువు పోగొట్టుకుంటారు.

కేసు వివరాలు చూసే ఏర్పాటు పేరు ఏసీఐఎస్. ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ ఫైలు గుర్తింపు సంఖ్య), జాతీయత ఇస్తే తర్వాతి వాయిదా, జడ్జి ఆర్డర్, అప్పీలు ఉందా లేదా అన్నీ తెరమీద కనిపిస్తాయి. ఫోన్లో అయితే 1-800-898-7180, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఏ-నంబరు ఎన్‌టీఏ మీద పైన ఉంటుంది. ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) కార్డు మీద యూఎస్‌సీఐఎస్ నంబరు అని ఉండేదీ అదే. తొమ్మిది అంకెలు కావాలి, ఎనిమిదే ఉంటే ముందు సున్నా పెట్టాలి. ‘నోటీసు రాలేదు కదా, వాయిదా లేదేమో’ అనుకునేవాళ్ళు వారానికోసారి ఇది చూస్తే ఎన్నో ఆర్డర్లు రాకుండా తప్పించుకోవచ్చు. ఖాతా తెరవనక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. ఈఓఐఆర్ ఇచ్చే వాటిలో నిస్సంకోచంగా మెచ్చుకోదగ్గది ఇదే. అయితే తెరమీది సమాచారం అధికారిక నోటీసు కాదని వాళ్ళే రాసుకున్నారు. కోర్టు కాగితం ఒక తేదీ చెప్పి ఏసీఐఎస్ ఇంకో తేదీ చూపిస్తే వెంటనే కోర్టుకు ఫోన్ చేసి తేల్చుకోవాలి.

ఇక అసలు సంగతి, ఏ మోషన్ వేయాలి అన్నది.

మోషన్ టు రీకన్సిడర్ అంటే, జడ్జి తన ముందున్న కాగితాల్లోనే తప్పు చేశాడని చూపించడం. ఫైనల్ ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లోపు, ఒక్కసారి మాత్రమే. కొత్త కాగితం ఒక్కటి జతచేసినా దాన్ని ఈ కోవలో చూడరు. ఉదాహరణకు ఆశ్రయం కోరే ఐ-589 దరఖాస్తు దేశంలోకి వచ్చిన ఏడాది దాటాక వేశారని జడ్జి తిరస్కరించాడనుకోండి. ఫైల్లో ఉన్న ఐ-94 ప్రకారం దేశంలోకి వచ్చింది 2023 మార్చి 10న, దరఖాస్తు మీద కోర్టు ముద్ర 2024 మార్చి 4న. రెండూ అప్పటికే రికార్డులో ఉన్నాయి, జడ్జి తేదీ తప్పుగా లెక్కపెట్టాడు. రీకన్సిడర్ మోషన్‌కు ఇంతకన్నా సరిపోయే సందర్భం ఉండదు. ఆర్డర్‌లో ఏ పేజీలో ఏ వాక్యం తప్పు, రికార్డులో ఏ ఎగ్జిబిట్ (ఆధారపత్రం) దాన్ని తప్పని చెబుతోంది, ఏ సెక్షన్ ప్రకారం అది తప్పు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూపాలి. ‘జడ్జిగారు మా బాధ అర్థం చేసుకోలేదు’ అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. ముందు వేసిన వాదనే మళ్ళీ కాపీ కొట్టి పెడితే కొట్టేస్తారు. ఈ జడ్జీల తీర్పుల మీద అప్పీళ్ళు వినే బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ 2006లో ఓ-ఎస్-జి కేసులో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది.

తప్పు పట్టుకోవాలంటే ముందు జడ్జి ఏమన్నాడో తెలియాలి. చాలా తీర్పులు నోటితో చెబుతారు. చేతికిచ్చే కాగితంలో టిక్కులు తప్ప కారణాలుండవు. కేసు పూర్తి ఫైలూ, విచారణ ఆడియో రికార్డింగూ పక్షదారులు కోర్టును అడిగి తీసుకోవచ్చు. ఆర్డర్ వచ్చిన రోజే అడగాలి, ఎందుకంటే 30 రోజుల గడియారం ఆడియో వచ్చేదాకా ఆగదు. ఆ ఆడియో విని, ఎన్నో నిమిషంలో ఏమన్నాడో రాసుకుని మోషన్లో చూపితే జడ్జికీ పని సులువు.

మోషన్ టు రీఓపెన్ వేరు. విచారణ నాటికి లేని, అప్పుడు తెచ్చే వీలు లేని కొత్త ఆధారం ఉండాలి. అది ఫలితాన్ని మార్చేదై ఉండాలి. గడువు 90 రోజులు, ఇదీ ఒక్కసారే. కొత్త ఊరట కోరుతుంటే ఆ దరఖాస్తు నింపి, ఆధారాలతో సహా మోషన్‌తోపాటే పెట్టాలి. ‘భార్య పౌరురాలు, ఐ-130 (కుటుంబ బంధం మీద వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) తర్వాత వేస్తాం’ అంటే అక్కడితో అయిపోయినట్టే. ఐ-485 కాపీ, అప్రూవల్ నోటీసు, పెళ్ళి నిజమైనదని చూపే కాగితాలు ఆ కట్టలోనే ఉండాలి. సొంత దేశంలో పరిస్థితులు మారాయని ఆశ్రయం కోరేవాళ్ళకు 90 రోజుల గడువూ లేదు, ఒక్కసారే అన్న పరిమితీ లేదు. కానీ మారాల్సింది దేశంలో పరిస్థితి. మన సొంత జీవితంలో వచ్చిన మార్పు ఇందులోకి రాదు. ఓపీఎల్ఏ కూడా ఒప్పుకుని ఉమ్మడిగా మోషన్ వేస్తే అప్పుడూ ఈ పరిమితులు వర్తించవు. అడగడానికి ఖర్చు లేదు కాబట్టి, బలమైన కేసులో ఒక ఉత్తరం రాసి అడగడం మంచిదే.

మూడోది వాయిదాకు రాలేదని ఇచ్చిన ఆర్డర్. మనవాళ్ళకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే, తెలియక ఎక్కువ పోగొట్టుకునేదీ ఇక్కడే. జడ్జి కుర్చీలో కూర్చుని పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే, ఐసీఈ లాయరు కాగితాలు చూపించగానే ఆర్డర్ అయిపోతుంది. దీన్ని రద్దు చేయించడానికి దారులున్నాయి. తీవ్రమైన అనారోగ్యం, భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రుల మరణం లేదా తీవ్ర అనారోగ్యం, గృహహింస లాంటి అసాధారణ కారణముంటే 180 రోజుల్లోపు అడగాలి. నోటీసే అందకపోతే ఎప్పుడైనా అడగొచ్చు. అప్పుడు జైల్లోనో పోలీసు కస్టడీలోనో ఉండి రాలేకపోయినా అంతే. ట్రాఫిక్ జాం, వాయిదా మరిచిపోవడం లాంటివి అసాధారణ కారణాల కిందికి సాధారణంగా రావు.

నోటీసు అందలేదని నిరూపించడం ఎలా? కేసు ఫైల్ తెప్పించుకుని కోర్టు పంపిన కవరు కాపీ చూడాలి. తపాలా శాఖ పసుపు స్టిక్కరు అతికించి తిప్పి పంపిందా? అపార్ట్‌మెంట్ నంబరు ఉందా? నలుగురైదుగురు కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండే చోట మెయిల్‌బాక్సు మీద లీజులో ఉన్న ఒక్కరి పేరే ఉంటుంది, మిగతావాళ్ళ ఉత్తరాలు వెనక్కి పోతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు వీసాలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. కోర్టు కవరు మీదా అదే పేరు వస్తే పోస్ట్‌మ్యాన్‌కు ఆ మనిషి ఎవరో తెలియదు. ఇవన్నీ మాటల్లో చెబితే సాక్ష్యం కాదు. లీజు కాపీ, మెయిల్‌బాక్సు ఫొటో, రూమ్మేట్ల డిక్లరేషన్లు, ఇంటి యజమాని ఉత్తరం జతచేయాలి. మామూలు పోస్టులో పంపిన నోటీసు అందిందనే ఊహ సర్టిఫైడ్ పోస్టు విషయంలో ఉన్నంత బలమైనది కాదని బోర్డు 2008లో ఎం-ఆర్-ఎ కేసులో చెప్పింది. ఏమేం చూడాలో కూడా అందులో ఉంది: మన అఫిడవిట్, విషయం తెలిసిన ఇతరుల అఫిడవిట్లు, ఆర్డర్ సంగతి తెలియగానే ఎంత త్వరగా కదిలాం, అంతకుముందు వాయిదాలకు హాజరయ్యామా, కోర్టుకు రావడానికి మనకు కారణముందా. చాలామంది ఈ వరసలో మూడోదాన్ని వదిలేస్తారు. ఏసీఐఎస్‌లో ఆర్డర్ చూసిన రోజు, లాయరును కలిసిన రోజు, ఫైల్ అడిగిన రోజు, మూడు తేదీలూ అఫిడవిట్‌లో ఉండాలి.

ఇల్లు మారితే అడ్రస్ మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం వేసి ఊరుకోవడం మనవాళ్ళలో బాగా కనిపించే పొరపాటు. అది యూఎస్‌సీఐఎస్‌కు మాత్రమే. కోర్టుకు ఈఓఐఆర్-33 ఫారం వేరుగా, మారిన ఐదు రోజుల్లో వేయాలి. దాని కాపీ ఓపీఎల్ఏకూ పంపాలి. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టుకున్నంత మాత్రాన చాలదు. కోర్టుకు అడ్రస్ ఇవ్వకపోతే నోటీసు పంపకుండానే ఆర్డర్ ఇవ్వొచ్చని చట్టంలో ఉంది.

నెట్‌లో దొరికే పాత సలహా ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది: ఎన్‌టీఏ మీద తేదీ, సమయం లేకపోతే ఆర్డర్ చెల్లదని. అమెరికా సుప్రీంకోర్టు 2018 పెరెయిరా, 2021 నిజ్-చావెజ్ తీర్పుల తర్వాత అలా వాదించే వీలు ఉండేది. 2024 జూన్‌లో కాంపోస్-చావెస్ కేసులో సుప్రీంకోర్టు, తర్వాత పంపిన హియరింగ్ నోటీసులో తేదీ, సమయం ఉంటే చాలంది. ఆ తేదీకి ముందు రాసిన నమూనా మోషన్లను చూసి రాసుకోవద్దు.

కాగితాల కట్ట కట్టడానికి ఈఓఐఆర్ వెబ్‌సైట్లో ఉన్న ఇమ్మిగ్రేషన్ కోర్ట్ ప్రాక్టీస్ మాన్యువల్ చూడాలి. ఉచితం. కవర్ పేజీ నమూనా నుంచి దాదాపు అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నా భాష కష్టం కాదు. అందులోని వరస ఇది: లాయరుంటే ఈఓఐఆర్-28, అంటే మన వకాలత్నామా లాంటిది. తర్వాత కవర్ పేజీ. ఫీజు రశీదు లేదా మినహాయింపు కోరే ఈఓఐఆర్-26ఏ. ఆపైన మోషన్, జడ్జి ఆర్డర్ కాపీ, దరఖాస్తు ఉంటే అది, విషయసూచికతో ఆధారాలు, ప్రస్తుత అడ్రస్‌తో ఈఓఐఆర్-33, జడ్జి సంతకం పెట్టడానికి ఖాళీ ఉంచిన ప్రతిపాదిత ఆర్డర్, చివర అవతలి పక్షానికి కాపీ పంపినట్టు రుజువు. కవర్ పేజీ మీద పేరు, ఏ-నంబరు, మోషన్ పేరు పెద్దగా ఉండాలి. వాయిదాకు రాని ఆర్డర్ మీదైతే ‘మోషన్ టు రీఓపెన్ యాన్ ఇన్ ఆబ్సెన్షియా ఆర్డర్’ అని పూర్తిగా రాయాలి. ఆ పేరు చూసే గుమాస్తా దాన్ని వేరుగా తీస్తాడు. నిర్బంధంలో ఉంటే పైన కుడిమూల ‘డిటెయిన్డ్’ అని వేయాలి. పేజీ నంబర్లు మొదటి నుంచి చివరిదాకా ఒకటే వరస. ఆధారాలకు ఏ, బీ, సీ ట్యాబులు. కాగితం ఒకవైపే ప్రింటు. పైభాగంలో రెండు రంధ్రాలు, వాటి మధ్య దూరం 2¾ అంగుళాలు. ఒరిజినల్స్ పంపొద్దు, మన దగ్గరే ఉంచుకోవాలి.

తరచూ మరిచిపోయే వాక్యం ఒకటుంది. ఈ ఆర్డర్ మీద వేరే ఏ కోర్టులోనైనా కేసు నడిచిందా, నడుస్తోందా అన్నది మోషన్‌లో రాసి తీరాలి. ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయాలి.

ఆర్డర్ కన్నా ముందటి ఫైలంతా ఇంగ్లీషులో ఉన్నా, కొత్తగా తెచ్చే ఎఫ్ఐఆర్, పంచాయతీ పత్రం, తెలుగు పత్రికలో వార్త లాంటివాటికి పూర్తి అనువాదం కావాలి. అనువాదం చేసినవాళ్ళు తమకు రెండు భాషలూ వచ్చని, అనువాదం నిజమని, సరైనదని టైపు చేసిన సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. నోటరీ అక్కర్లేదు. మోషన్ వేసే మనిషే అనువాదం చేయడం కన్నా, తెలిసిన ఇంకొకరితో చేయించడం మేలు. సారాంశం మాత్రమే రాసి పంపితే అది సాక్ష్యంగా నిలవదు.

లాయర్లు 2022 ఫిబ్రవరి 11 నుంచి ఈకాస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోనే వేయాలి. లాయరు లేనివాళ్ళు కాగితం మీద పంపవచ్చు. పంపిన తేదీ లెక్కలోకి రాదు, కోర్టుకు అందిన తేదీయే లెక్క. ముప్పయ్యో రోజున పోస్టు చేస్తే ఆలస్యమైనట్టే. ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లో వారం ముందే పంపాలి, లేదా కోర్టు కిటికీ దగ్గరే ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. ఫీజు లేకపోయినా, అవతలి పక్షానికి కాపీ పంపిన రుజువు లేకపోయినా కట్ట వెనక్కి వస్తుంది. అది మళ్ళీ పంపేసరికి గడువు దాటుతుంది.

ఫీజు సంగతికి వస్తే ఈ సేవకు మార్కులు బాగా తగ్గుతాయి. జడ్జి దగ్గర మోషన్‌కు 145 డాలర్లుండేది. 2025 జులై 4న వచ్చిన చట్టం దాన్ని కనీసం 900 డాలర్లు చేసింది, ఏటా ద్రవ్యోల్బణంతో పెరుగుతుంది కూడా. నోటీసు అందలేదన్న కారణంతో వేసే మోషన్‌కు మాత్రం ఫీజు లేదు. పని చేసుకునే అనుమతి పోయినవాడు, రేపో మాపో నిర్బంధంలోకి వెళ్ళేవాడు ఇంత డబ్బు ముప్పై రోజుల్లో ఎక్కడ తెస్తాడు? కోర్టు తన తప్పు తానే సరిచూసుకోవడానికి ఇంత వసూలు చేయడం న్యాయం కాదు. వేసే రోజున ఈఓఐఆర్ ఫీజుల పేజీ చూసి సరైన మొత్తమే కట్టండి, తక్కువైతే తీసుకోరు.

దీన్ని మించిన లోపం స్టే, అంటే డిపోర్టేషన్‌ను తాత్కాలికంగా ఆపడం, విషయంలో ఉంది. వాయిదాకు రాని ఆర్డర్ మీద వేసే మోషన్‌కు జడ్జి తేల్చేదాకా డిపోర్టేషన్ దానంతటదే ఆగుతుంది. మామూలు రీకన్సిడర్, రీఓపెన్ మోషన్లకు ఆగదు. మోషన్ బల్ల మీద ఉండగానే విమానం ఎక్కించవచ్చు. అందుకే మోషన్‌తోపాటు స్టే మోషన్ వేరుగా వేయాలి. ఐసీఈ ఆఫీసులో ఐ-246 ఫారంతో కూడా అడగవచ్చు. స్వచ్ఛందంగా వెళ్ళిపోవడానికి గడువు తీసుకున్నవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి: ఆ గడువు తీరకముందు మోషన్ వేస్తే ఆ వెసులుబాటు రద్దయిపోతుంది. వేసిన తర్వాత సొంతంగా దేశం దాటితే మోషన్ వెనక్కి తీసుకున్నట్టు లెక్కగట్టే నియమం ఉంది. చాలా అప్పీలు కోర్టులు దాన్ని కొట్టేసినా, అన్నీ కాదు.

పాత లాయరు తప్పు వల్ల ఆర్డర్ వచ్చిందని చెప్పేవాళ్ళు 1988 నాటి లొజాడా కేసు పద్ధతి పాటించాలి. లాయరుతో ఒప్పందం ఏమిటో వివరించే అఫిడవిట్, ఆ ఆరోపణ లాయరుకు తెలిపి జవాబుకు అవకాశం ఇచ్చిన రుజువు, బార్ కౌన్సిల్ లాంటి క్రమశిక్షణ సంస్థకు ఫిర్యాదు చేసిన కాపీ, లేదా ఎందుకు చేయలేదో వివరణ. మూడింట్లో ఒకటి లేకపోయినా ఆ వాదన పడిపోతుంది. లాయరు కాని కన్సల్టెన్సీవాళ్ళు, ‘ఫారాలు నింపి పెడతాం’ అనేవాళ్ళకు ఈ పని ఇవ్వొద్దు. కోర్టులో నిలబడగలిగేది లైసెన్సున్న లాయరు, లేదా న్యాయశాఖ గుర్తింపు ఇచ్చిన ప్రతినిధి. ఉచితంగా చూసే సంస్థల జాబితా రాష్ట్రాలవారీగా ఈఓఐఆర్ సైట్‌లోనే ఉంది.

మోషన్ అందాక ఓపీఎల్ఏకు జవాబివ్వడానికి పది రోజులుంటాయి. జడ్జి ఎప్పటిలోగా తేల్చాలన్న నియమం మాత్రం లేదు. ఒప్పుకుంటే ఆర్డర్ పోయి కేసు మళ్ళీ వాయిదాల్లోకి వస్తుంది, అంతేగానీ కేసు గెలిచినట్టు కాదు. కొట్టేస్తే బోర్డుకు అప్పీలు. గడువు నియమాలు మారుతుంటాయి గనుక ఆర్డర్ మీద ముద్రించిన తేదీనే పట్టుకోండి. బోర్డూ కాదంటే ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టుకు 30 రోజుల్లో పిటిషన్. మోషన్ నడుస్తోంది కదా అని అసలు ఆర్డర్ మీద పిటిషన్ వేయకుండా ఆగితే ఆ గడువు పోతుంది, 1995లో స్టోన్ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. అసలు ఆర్డర్‌కు ఒక పిటిషన్, మోషన్ తిరస్కరణకు ఇంకొకటి, దేని గడువు దానిదే.